నిమ్మచెక్క రుద్దని శనివారం

శనివారం సాయంత్రం నాలుగింటికి రొయ్యల షెడ్డు వదలగానే ఆడవాళ్ళు నేరుగా ఇళ్ళకు పోరు. షెడ్డు వెనక బోరింగు దగ్గర చేరతారు. ఒకామె కొంగుముడి విప్పి నిమ్మకాయలు తీస్తుంది, ఇంకొకామె బట్టల సబ్బుపొడి పొట్లం విప్పుతుంది. నిమ్మచెక్కని పొడిలో అద్ది గోళ్ళ సందుల నుంచి మోచేతుల దాకా రుద్దుతారు. అదీ చాలదనుకున్నవాళ్ళు షెడ్డులోంచి చిటికెడు బ్లీచింగ్ పౌడరు తెచ్చుకుంటారు. చేతులు ఎర్రబడి చురచురలాడేదాకా రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుని, ఇంకా వాసనుందంటే మళ్ళీ మొదలుపెడతారు. మిగతా రోజుల్లో ఆ చేతులు రొయ్యల కంపు కొడితే ఎవరికీ పట్టదు. ఆదివారం ప్రార్థనలో మాత్రం కొట్టకూడదు.

ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. కొత్తగా పనిలో చేరినామెకి పాతామె రొయ్య తల ఎలా విరవాలో మొదటిరోజు చూపిస్తుంది, శనివారం నిమ్మచెక్క ఎలా రుద్దాలో ఆ వారాంతంలో చూపిస్తుంది. పెర్సిస్ అలాగే నేర్చుకుంది. అప్పటికి కలిదిండి చుట్టుపక్కల వరిచేలు ఒక్కొక్కటే చెరువులైపోతున్నాయి. నాట్లు వేసే చేతులకి నాట్లు లేకుండా పోయాయి. రోడ్డు పక్కన రేకుల షెడ్డు లేచింది. బురదలో వంగిన ఆడవాళ్ళు ఐసు ముందు నిలబడ్డారు. అదొక్కటే మారింది.

మిగతావాళ్ళ కంటే పెర్సిస్ రెండింతలు రుద్దేది. దానికి కారణముంది. పేటలోని ప్రార్థన మందిరంలో ప్రతి ఆదివారం ప్రభువు ఆఖరి భోజనానికి గుర్తుగా బల్ల దగ్గర రొట్టె విరుస్తారు. ఒక పళ్ళెంలో ఒకే రొట్టె. సంఘపెద్ద ఒకాయన ప్రార్థన చేసి విరిచాక పళ్ళెం చేతి నుంచి చేతికి వెళుతుంది, ఎవరికి వాళ్ళు చిన్న తుంపు తీసుకుంటారు. ఆ రొట్టె చేసేది పెర్సిస్. పులియబెట్టని పిండి, ఉప్పు కూడా వెయ్యకుండా కలిపి, వేరే దేనికీ వాడని చిన్న ఇనప పెనం మీద కాలుస్తుంది. ఆ పెనం ఆమె అత్తగారిది. అత్తగారు మంచం పట్టినప్పుడు కోడల్ని పిలిచి పెనం చేతిలో పెట్టింది. పధ్నాలుగేళ్ళయింది. ఈ పధ్నాలుగేళ్ళలో పెర్సిస్ చేసిన రొట్టె లేని ఆదివారాలు రెండు, రెండూ కాన్పులే. సొంత ఇల్లు లేదు, చదువు ఏడో తరగతి దాటలేదు, షెడ్డులో ఆమె పేరు ఒక టోకెన్ నంబరు. కానీ ఆ రొట్టె తనది. ఆ సంగతి పైకి ఎవరితోనూ అన్నది కాదు.

ముసురు పట్టిన ఒక ఆషాఢంలో చేతులు మొండికేశాయి.

మొదట వేళ్ళ సందులు తెల్లగా నాని ఉబ్బాయి. తర్వాత దురద. రొయ్య కొమ్ము గుచ్చుకున్న చోటల్లా చిన్న పుండు లేచేది. అరచేతుల్లో చర్మం పొరలు పొరలుగా లేచి, కీళ్ళ దగ్గర పగిలి, పిడికిలి బిగిస్తే రక్తం చెమర్చేది. ఊళ్ళో సూదిమందు ఇచ్చే డాక్టరు ఒక తెల్ల ట్యూబు ఇచ్చాడు. రాసిన నాలుగు రోజులకి చేతులు పసిపిల్లవిలా అయ్యాయి, ఆపిన వారానికి రెట్టింపుగా పగిలాయి. మళ్ళీ ట్యూబు, మళ్ళీ పగుళ్ళు. ఆరు ట్యూబులయ్యేసరికి వేళ్ళ మీద చర్మం ఉల్లిపొర లాగా పలచబడి, కింద నరాలు లెక్కపెట్టేలా తేలాయి.

మందిరంలో పళ్ళెం అందుకునేటప్పుడు రత్నమ్మ గారు ఆ చేతులు చూసింది. ఆవిడ రిటైరైన టీచరు, సంఘంలో ఆడవాళ్ళకి పెద్ద. చెడ్డమనిషి కాదు. పేటలో ఏ ఆడపిల్ల చదువాపినా ఇంటికెళ్ళి కూర్చుని తిరిగి బడికి పంపేదాకా లేవదు. ఆ ఆదివారం కూటం అయ్యాక పెర్సిస్‌ని పక్కకి పిలిచి, భుజం మీద చెయ్యేసి, మెత్తగానే చెప్పింది. చేతులు బాగయ్యేదాకా రొట్టె పని మానుకోమంది. అందాకా కైకలూరు బేకరీ నుంచి బన్ను తెప్పిస్తామంది.

పగిలిన చేతులతో పిండి కలపకూడదన్నది సబబైన మాటే. పెర్సిస్‌కి ఆ మాట అర్థమైంది కూడా. కానీ ఆవిడ చెయ్యి తన భుజం మీద పడినప్పుడు, తన చెయ్యి ఆవిడకి తగలకుండా తానే వెనక్కి లాక్కుంది. అది మాత్రం ఇంటికొచ్చాక గుర్తొచ్చి దహించింది. తన శుభ్రం చాలలేదనుకుంది. పై శనివారం నిమ్మకాయలు రెండు కాదు, నాలుగు తీసుకెళ్ళింది. బ్లీచింగ్ పౌడరు చిటికెడు కాదు, గుప్పెడు. పక్కనే రుద్దుకుంటున్న విక్టోరియా, వరసకి వదిన, ఆ చేతుల కింద బోరింగు గచ్చు మీద నీళ్ళు గులాబీ రంగుకి తిరగడం చూసి నిమ్మచెక్క లాక్కుని చెరువులోకి విసిరేసింది. సోమవారం పని మానిపించి ఏలూరు బస్సెక్కించింది.

పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరు నాగశ్రీ గారి గది ముందు వరస బయట మెట్ల దాకా ఉంది. వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. నిమ్మచెక్కల సంగతి అడిగితే తప్ప చెప్పొద్దని పెర్సిస్ దారిలోనే తీర్మానించుకుంది. డాక్టరమ్మ చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, మందు రాసే ముందు ఒక విచిత్రమైన సంగతి అడిగింది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఈ చేతులు దేన్ని తాకుతాయో వరసగా చెప్పమంది. ఇంతవరకూ ఎవరూ పెర్సిస్‌ని అలా అడగలేదు. చెప్పింది. గిన్నెలు తోమే పొడి. షెడ్డు గుమ్మంలో క్లోరిన్ నీళ్ళు, లోపలికి వెళ్ళిన ప్రతిసారీ ముంచాల్సిందే. ఐసు. రొయ్యల రసం. చిరుగుల గ్లౌజులు, వాటిలో నిలిచిన నీళ్ళు. మళ్ళీ క్లోరిన్. ఉంగరం కింద ఆరని తడి. అక్కడ ఆగింది. ఆగిన చోటు డాక్టరమ్మ పట్టుకుంది.

"ఇంకేదో ఉంది. చెప్పమ్మా."

విక్టోరియా చెప్పేసింది. శనివారం సంగతి మొత్తం.

నాగశ్రీ గారు కోప్పడలేదు. మీరు చెరువుల ఊరివాళ్ళే కదా, గట్టు మీద గడ్డి మొత్తం చెక్కేస్తే ఏమవుద్దని అడిగింది. వానకి గట్టు జారిపోద్దండి, అంది పెర్సిస్. మరి చర్మమూ అంతేనంది డాక్టరమ్మ. పైన సన్నటి నూనెపొర ఉంటుంది, లోపలి తడిని అదే నిలబెడుతుంది, బయటి చెడుగుని అదే ఆపుతుంది. షెడ్డు ఆ గడ్డిని వారమంతా మేస్తోంది. ఆదివారం సెలవుకి కొంచెం మొలుద్దామనుకునేసరికి ముందురోజు శనివారమే మీరు పారతో చెక్కేస్తున్నారు. ఇది అంటుకునేది కాదు, శుభ్రం లేక వచ్చింది కాదు, శుభ్రం మితిమీరి వచ్చింది. తెల్ల ట్యూబు ఇష్టమొచ్చినన్నాళ్ళు రాసే మందు కాదు. పదిరోజులకి వేరేది రాసిచ్చి, ఆ తర్వాత చెయ్యాల్సింది వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పింది. మామూలు స్నానం సబ్బు, మామూలు నీళ్ళు. వేళ్ళ సందుల్లో తడి ఒత్తుకోవడం. తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె. రబ్బరు గ్లౌజు లోపల నూలు తొడుగు, తడిస్తే మార్చడం. ఉంగరం పని చేసేటప్పుడు తీసెయ్యడం.

"మరి వాసన పోదు కదండీ," అంది పెర్సిస్.

"పోదు. వాసన చర్మానికేమీ చెయ్యదమ్మా. దాన్ని పోగొట్టాలని మీరు చేసేదే చెరుపు చేస్తోంది. రెండిట్లో ఏది కావాలో మీరు తేల్చుకోవాలి."

తిరుగు బస్సులో విక్టోరియా మాట్లాడుతూనే ఉంది. ముఖం మెరవడానికి తేనె రాయండి, శనగపిండి రాయండి, రాత్రి ఎనిమిది గంటలు నిద్రపోండి అని టీవీలో పొద్దున్నే చెప్తారు గానీ, ఐసులో ఎనిమిది గంటలు పెట్టిన చేతికేం రాయాలో ఒక్కరూ చెప్పరేంటే, అంది. పెర్సిస్ వినడం లేదు. కిటికీ బయట చెరువుల మీద గాలి కలిపే ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. మోకాళ్ళ మీద పరిచిన చేతుల్నే చూసుకుంటోంది. పధ్నాలుగేళ్ళుగా వాటిని తప్పుచేసిన పిల్లల్ని చూసినట్టు చూసింది. మొదటిసారి వాటి మీద జాలేసింది, ఆ జాలి కైకలూరు స్టాండు వచ్చేలోపు కోపమైంది.

ఆ కోపం ముందు షెడ్డులో బయటపడింది.

భర్త పాత బనియన్లు చింపి, పెర్సిస్ అయిదు వేళ్ళ తొడుగులు ఆరు జతలు కుట్టుకుంది. ఉంగరం తీసి మెళ్ళో గొలుసుకి గుచ్చుకుంది. వీటికి సూపర్‌వైజరు అబ్బాయిరాజు నవ్వాడే తప్ప అడ్డు చెప్పలేదు. గుమ్మం దగ్గర క్లోరిన్ తొట్టి ముందు ఆమె ఆగిపోయినప్పుడు మాత్రం నవ్వు ఆపాడు. ఆయన పొద్దున్నే విరిగిన మగ్గుతో బ్లీచింగ్ పౌడరు బస్తాలోంచి చేతికొచ్చినంత తోడి తొట్టిలో వేస్తాడు. ఎక్కువైతే నష్టమేముంది, పురుగులు చస్తాయి అనేది ఆయన లెక్క. ఇంతకాలం ఆ తొట్టిలో చేతులు పెట్టినప్పుడల్లా పెర్సిస్ ఒక సంగతి గమనిస్తూనే ఉంది, అడగడం దాకా రాలేదు. ఆ రోజు అడిగింది. చెయ్యి తొట్టిలో పెట్టకుండా, గొంతు పెంచకుండా అడిగింది.

"రాజు గారండీ, తనిఖీకి పెద్దోళ్ళొచ్చిన రోజు ఈ నీళ్ళు చేతులు మండవేంటండీ?"

ఆయన లోపలికి నడవమన్నాడు. ఆమె నడవలేదు. తనిఖీ రోజు మీరు చెంచాతో కొలిచి వేస్తారండి, కాగితం ముక్క ముంచి రంగు చూస్తారండి, నేను చూశానండి, అంది. ఆ చెంచా ఆఫీసు బల్ల సొరుగులో ఉంది. ఆ కాగితాల డబ్బా కూడా అక్కడే ఉంది. మిగిలిన రోజులు మా చేతులు ఎవరికీ చూపించేవి కావాండి, అని అడిగింది. పని లేకపోతే ఇంకోళ్ళొస్తారన్నాడు అబ్బాయిరాజు. రానివ్వండి, వాళ్ళకీ చేతులుంటాయి కదండీ, అంది వెనకనుంచి విక్టోరియా. ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక ఇంకొకామె. పదకొండుమంది తొట్టి ముందు వరసగా, చేతులు కొంగుల్లో పెట్టుకుని నిలబడ్డారు. లోపల ఐసు కింద టన్నుల సరుకు తల విరిచేవాళ్ళ కోసం చూస్తోంది. రొయ్య ఆగదు. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు, ఆయనకీ తెలుసు. పావుగంట తర్వాత అబ్బాయిరాజు సొరుగు తెరిచి చెంచా తెచ్చాడు. ఎవర్నీ చూడకుండా కొలిచాడు. కాగితం ముంచి రంగు పెర్సిస్ ముఖం ముందు ఆడించి, ఇక చాలునా అమ్మా అన్నాడు. చాలండి, అంది. ఆ రోజు నుంచి చెంచా తొట్టి పక్కన మేకుకి వేలాడింది.

అయిదు వారాలకి చేతులు మళ్ళీ చేతులయ్యాయి. పగుళ్ళు మూసుకున్నాయి. రెండో వారానికే దురద పోయింది. గీతల్లో కొంచెం నలుపు మిగిలింది, అరచెయ్యి కొంచెం గరుకుగా ఉంది, అంతే. శనివారం బోరింగు దగ్గర ఆమె అందరిలాగే నిలబడేది గానీ మామూలు సబ్బుతో కడుక్కుని, కొంగుతో ఒత్తుకుని, చిన్న సీసాలోంచి కొబ్బరినూనె రాసుకునేది. వాసన ఉండేది. కొబ్బరినూనె కింద రొయ్య.

ఆరో వారం శుక్రవారం ఆమె రత్నమ్మ గారింటికి వెళ్ళింది. చేతులు రెండూ చాపి చూపించింది. రత్నమ్మ గారు మనస్ఫూర్తిగా సంతోషించి, ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది. తీసుకున్నాక ఆవిడ ముఖం కొంచెం మారింది. కొంచెమే. శనివారం ఎప్పట్లాగే కాస్త గట్టిగా రుద్ది కడుక్కుని చేస్తే పై ఆదివారం నుంచి నువ్వే చెయ్యొచ్చంది.

"రుద్దనండి," అంది పెర్సిస్. "రుద్దితే మళ్ళీ పగుల్తాయండి. వాసన ఉంటుందండి. శుభ్రంగానే ఉంటాయి గానీ వాసన ఉంటుందండి."

రొట్టెకి వాసన పడుతుందమ్మా, అంది రత్నమ్మ గారు. బల్ల దగ్గరికి వచ్చేది, పది ఊళ్ళ వాళ్ళు తీసుకునేది, ఆలోచించుకోమంది. ఈలోపు బన్నే ఉండనిద్దామంది. మాట మెత్తగానే ఉంది. తలుపు కూడా మెత్తగానే వేసింది.

ఆ మెత్తదనమే పెర్సిస్‌ని నిలబెట్టేసింది. తిట్టుంటే ఏడ్చి ఊరుకునేదేమో. పుండ్లతో ఉన్నప్పుడు వద్దన్నారు, సరే. ఇప్పుడు పుండ్లు తెచ్చుకుంటే రమ్మంటున్నారు. నడుస్తూ నడుస్తూ ఇదే మాట నాలుగుసార్లు తిప్పి తిప్పి అనుకుంది, నాలుగోసారి పైకే అంది. దారిలో ఎదురైన విక్టోరియా విని, ఎవర్నే తిడుతున్నావ్ అని నిలేసింది. విన్నాక ఆమెకి మొదట నవ్వొచ్చింది. ప్రభువు శిష్యులు వల లాగి లాగి బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ఎవరైనా నిమ్మకాయలు ఇచ్చారంటావా, అంది. తర్వాత నవ్వు ఆపి, షెడ్డుకొచ్చే ఆడవాళ్ళ ఇళ్ళున్న సందువైపు చూసింది.

మర్నాడు శనివారం. నాలుగింటికి బోరింగు దగ్గర పదకొండుమంది చేరారు. కొంగుముడుల్లో నిమ్మకాయలు లేవు. మామూలు సబ్బు ఒకటి చేతులు మారింది, నూనె సీసా ఒకటి చేతులు మారింది. ఎవరూ ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకోలేదు. పాపం, ముసలామె ఒకావిడ అలవాటు కొద్దీ చెయ్యి పైకెత్తి, విక్టోరియా కళ్ళు చూసి దించేసింది.

పెర్సిస్ ఆ సాయంత్రం పెనం కడిగింది. పిండి కలిపింది. ముద్ద అరచేతికి అంటుకుంది గానీ ఎక్కడా మండలేదు. ఆ మండకపోవడం ఎంత కొత్తగా ఉందో తెలిసి కాసేపు పిండి మీదే చేతులుంచి కూర్చుంది.

ఆదివారం మందిరంలో ఫ్యాన్లు తిరుగుతుంటే ఆ వాసన ముందు వరస దాకా వచ్చింది. అది చెడ్డ వాసనేం కాదు, ఆ ఊరి వాసనే. ఆ రోడ్డు మీద పోయే ప్రతి లారీలోంచి వచ్చేదే. ఆ రొయ్యల డబ్బుతోనే మందిరానికి గ్రానైటు పలక పడింది, కొత్త మైకు వచ్చింది. అయినా రెండు మూడు తలలు తిరిగాయి, ఒకరు లేచి కిటికీ తలుపు తెరిచారు. బల్ల మీద తెల్లబట్ట కింద బేకరీ బన్ను ఉంది. పాట అవుతుండగా పెర్సిస్ లేచి, చీరచెంగు సర్దుకుని ముందుకు నడిచి, బట్టలో చుట్టిన రొట్టెని బన్ను పక్కన పెట్టింది. వెనక్కి రాలేదు. ఆ మందిరంలో కూటం జరిగేటప్పుడు ఆడవాళ్ళు మాట్లాడరు. పాడతారు, ఆమేన్ అంటారు, అంతే. ఆ హద్దు ఇంతవరకూ ఎవరూ దాటలేదు. పాట ఆగిపోయింది.

"వందనాలండి," అంది పెర్సిస్. "ఈ రొట్టె నేను చేశానండి. చేతులు బాగయ్యాయి, డాక్టరమ్మ గారు చూశారు. వాసన ఉంటుందండి. పోగొట్టాలంటే తోలు పోతుంది. నేను పోగొట్టనండి. మా పదకొండుమందిలో ఎవరూ పోగొట్టరండి. వాసనుందని వద్దంటే పళ్ళెం కూడా మాకు పంపకండి. మేమూ పట్టుకుంటే దానికీ వాసనొస్తుంది కదండీ."

రత్నమ్మ గారు ఒళ్ళో చేతులు చూసుకుంటోంది. రొట్టె విరిచే వంతు ఆ రోజు బాలస్వామి తాతది. ఎనభై దాటాయి. కొల్లేరులో చేపల వల వేసి బతికినవాడు, సరస్సు కుంచించుకుపోయేదాకా దోనె దిగనివాడు. ఆయన లేచి బల్ల దగ్గరికి రావడానికి చాలాసేపు పట్టింది. బన్ను చూశాడు, రొట్టె చూశాడు. రొట్టె చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మందిరం మొత్తం ఆయన ముక్కునే చూస్తోంది.

"ఏడు వారాల్నించి ఆ తియ్యబన్ను తింటన్నాను," అన్నాడు మైకులో, అందరికీ వినపడుతుందని తెలియనట్టు. "నాకు షుగరు. ఒక్కరూ అడగలేదు."

వెనక వరసల్లో నవ్వు పుట్టి, అణిగి, మళ్ళీ పుట్టింది. ఆయన నవ్వలేదు. మా ఆవిడ బతికుండగా నా ఒంటిమీద ఇదే వాసన ఉండేది, ఆవిడెప్పుడూ నన్ను మంచం దిగమనలేదు, అన్నాడు. కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. రొట్టె విరిచాడు. పెర్సిస్ చేసిందే విరిచాడు.

పళ్ళెం బయలుదేరింది. మగవాళ్ళ వరసలు దాటి ఆడవాళ్ళ వరసల్లోకి వచ్చింది. పెర్సిస్ చూపు దాని వెంటే వెళ్ళింది. ఒకరిద్దరు వేళ్ళ చివరలతో పట్టుకున్నారు. ఒకామె తీసుకోకుండానే పక్కకి పంపింది. ఆ ముఖం పెర్సిస్ గుర్తుపెట్టుకుంది, తిట్టుకోలేదు. పళ్ళెం రత్నమ్మ గారి చేతికి వచ్చినప్పుడు ఆగింది. ఆవిడ దాని వైపు చాలాసేపు చూసింది. అంచున మిగిలిన ఒక తుంపు తీసుకుంది. నోట్లో పెట్టుకుంది. నమిలింది. పళ్ళెం విక్టోరియాకి అందించింది, రెండు చేతులతో.

కూటం అయ్యాక అందరూ చెప్పులు వెతుక్కుంటుంటే రత్నమ్మ గారు రొట్టె చుట్టిన బట్ట మడతపెట్టి తెచ్చింది. పెర్సిస్ చేతికిస్తూ ఏదో అనబోయి, మానేసి, ఇంకేదో అంది.

"వచ్చే వారం ఇంకొంచెం పలచగా వత్తమ్మా. మధ్యలో మందంగా ఉంది."

"ఆయ్, అలాగేనండి," అంది పెర్సిస్. బట్ట అందుకుంది. ఈసారి తన చెయ్యి వెనక్కి లాక్కోలేదు. "వాసన మాత్రం ఉంటుందండి."